పర్దా వెనక చేయి

ఇబ్రహీం ఇంట్లో పర్దా వేలాడదీసి గట్టిగా ఆరేళ్ళు కాలేదు. అంతకుముందు ఆ ఇంటి ఆడదానికి చాటున కూర్చునే తీరికా లేదు, చాటుకు కట్టే గుడ్డా లేదు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఇబ్రహీం ముందు నడిచేవాడు, చంకలో పిల్లతో హమీదాబీ వెనక నడిచేది. పెద్దకడుబూరు చుట్టుపక్కల ఆ ఇద్దరూ పరుపు కుట్టని ఊరు లేదు. తర్వాత ఆదోనిలో పత్తి మార్కెట్టు పక్కన పరుపుల అంగడి పడింది, అంగడి వెనకే ఇల్లు పడింది. పెద్ద సాహెబుల ఇళ్ళలో ఉన్నట్టు తన ఇంట్లోనూ ఉండాలని ఇబ్రహీం నడవ గుమ్మానికి ముదురాకుపచ్చ గుడ్డ కట్టాడు. పది ఊళ్ళ మగవాళ్ళ ముందు దూది దులిపిన మనిషిని ఇక పరాయి మగవాడి కంట పడొద్దన్నాడు. హమీదాబీకి మొదట నవ్వొచ్చింది, తర్వాత అలవాటయింది, ఆ తర్వాత కొంచెం గర్వం కూడా వచ్చింది. లేదని అబద్ధం చెప్పడమెందుకు!

చంకలో తిరిగిన ఆ పిల్లే పీరాంబీ. వాళ్ళకు ఒక్కతే సంతానం. పుట్టినప్పటి నుంచీ తల్లిపాలతో పాటు దూది నుసి మింగింది కాబోలు, ఐదో ఏటికే ఉబ్బసం పట్టుకుంది. పదో ఏట కీళ్ళజ్వరం వచ్చి మూడు నెలలు మంచాన పడేసి, పోతూ పోతూ గుండెదడ అంటించి పోయింది. అయినా పిల్ల మాట నెమ్మది, మనసు గట్టిది. ఎమ్మిగనూరులో చీరల బేరం చేసే మున్వర్‌కు ఇచ్చి పెళ్ళి చేశారు. ఒక ఆడబిడ్డ పుట్టింది, ఇప్పుడు రెండేళ్ళది. ఆ ఏడు చలికాలం మొదట్లో ఆయాసం మరీ ముదిరితే, ఆదోని హకీము దగ్గర మందు వాడుకుని రమ్మని మున్వర్ ఆమెను పుట్టింట్లో దింపి వెళ్ళాడు. పాప ఎమ్మిగనూరులోనే అవ్వ దగ్గర ఉండిపోయింది.

వచ్చి పది రోజులైందో లేదో, పత్తి గోదాముల్లో ఎలుకలు రాలడం మొదలైంది. ఎలుకలు చస్తే తర్వాత ఎవరి వంతో ఊళ్ళో చిన్న పిల్లలకు కూడా తెలుసు. రెండు వీధుల అవతల ఒక ఇంట్లో ముగ్గురు వారంలో పోయారు. షావుకార్లు, కూలివాళ్ళు అనే తేడా లేకుండా జనం ఇళ్ళకు తాళాలు వేసి కొండ కింద తడికెల గుడిసెలు వేసుకున్నారు. ఎమ్మిగనూరు వాళ్ళు దారి మీద కాపలా పెట్టి, ప్లేగు సూది వేయించుకున్న చీటీ చూపిస్తేనే ఆదోని మనిషిని ఊళ్ళోకి రానిస్తున్నారు. అదీ సూది పడి పది రోజులు నిండితేనే.

మంగళవారం నాడు యేసేపు వచ్చాడు. ఊరంతా సూదుల యేసేపు అని పిలిచే ఆరోగ్య శాఖ మనిషి. పర్దా ఇవతల ముక్కాలి పీట వేయిస్తే కూర్చుని, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో రాసుకున్నాడు. సూది వేయించుకున్నవాళ్ళు ఇల్లు శుభ్రం చేసుకుని ఇంట్లోనే ఉండొచ్చు, లేదంటే గుడిసెలకు పోవాలి, రెంటిలో ఏదో ఒకటి తప్పదన్నాడు. పీరాంబీ సంగతి విని ఇబ్బందిగా తల గోక్కున్నాడు. కొండ కింద ఆ చలిగాలికి ఉబ్బసం మనిషి నాలుగు రాత్రులు నిలవదు. సూది సంగతి ఆమెకే చెప్పాలని పర్దా వైపు తిరిగాడు.

"సూది నీకు కష్టమే తల్లీ, లేదనను. రెండు దినాలు జరమొస్తుంది, సెయ్యి వాస్తుంది, ఆయాసం పెరుగుతుంది. ఆసుపత్రి డాక్టరునడిగినా. కూసోబెట్టి బాగా సూసుకుంటే దాటుకుంటుందన్నాడు. నీ గుండెకు పిలేగొస్తే మాత్రం దాటుకోలేవు. ఏపిచ్చుకుంటావో లేదో నువ్వే సెప్పాల. మీ నాయన కాదు, మీ యమ్మ కాదు."

పర్దా వెనక పిల్లికూతల ఊపిరి వినపడుతోంది. పీరాంబీ తొందరపడే మనిషి కాదు. ఐదేళ్ళ వయసు నుంచి తన రోగాన్ని తాను మోసుకు తిరుగుతోంది. ఏ వాసనకు దగ్గు ఎత్తుకుంటుందో, ఎన్ని మెట్లకు గుండె కొట్టుకుంటుందో, ఏ రాత్రి కూర్చునే నిద్రపోవాలో ఆమెకు తెలిసినట్టు ఏ హకీముకూ తెలియదు. ఆ లెక్కలన్నీ వేసుకుని చెప్పింది.

"ఏపిచ్చుకుంటా."

హమీదాబీకి పోయిన చెల్లెలు గుర్తొచ్చింది. ఆ చెల్లెలు ఎమ్మిగనూరులోనే ఉండేది, ఆమెదీ ఉబ్బసమే. రెండేళ్ళ కిందట ఇదే సూది వేయించుకుని తొమ్మిదో నాడు పోయింది. సూది జ్వరం మూడో నాటికే తగ్గిందనీ, ఎనిమిదో నాడు చలిలో నీళ్ళు తోడి తడిసి ఊపిరి ఆడక పోయిందనీ పీరాంబీ ఎన్నోసార్లు నచ్చజెప్పింది. హమీదాబీ చెవిన పెట్టలేదు. తన చెల్లెలి చేతిలో సూది దిగింది, తన చెల్లెలు పోయింది, ఆమెకు తెలిసింది అంతే. ఆ రెంటి మధ్యన జరిగినదేదీ ఆమె లెక్కలోకి రాలేదు. హకీము కూడా సూది మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపాడు, తన మందుకు పోటీ వస్తే ఏ హకీము తల నిలువుగా ఊపుతాడు!

పక్కింటి వీరమ్మ కూడా ఎటూ తేల్చుకోలేక కొట్టుకుంటోంది. ఆమె మొగుడు సుంకప్ప జిన్నింగు మిల్లులో దూది బేళ్ళు బిగించే పని చేసి చేసి పదేళ్ళుగా దగ్గుతున్నాడు. దగ్గితే వీధి చివరికి వినపడుతుంది. సూది వేయిస్తే ఏమవుతుందో, మానితే ఏమవుతుందో ఆమెకు అంతుపట్టలేదు. ముందు పీరాంబీకి ఎలా ఉంటుందో చూసి, దాన్ని బట్టి వచ్చే విడతలో చూద్దామని, అంతదాకా గుడిసెలో ఉంటామని యేసేపుతో చెప్పి పంపింది.

గురువారం పొద్దున సూదుల పెట్టెతో యేసేపు మళ్ళీ వచ్చాడు. ఇబ్రహీం అంగడి ముందు పదిమంది చూస్తుండగా చొక్కా చేయి మడిచి వేయించుకుని, నొప్పేమీ లేదని అందరికీ చెప్పి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. యేసేపు లోపలికి వచ్చి పర్దా ముందు పీట మీద స్పిరిటు దీపం వెలిగించాడు. ఆ ఇంట్లోనే కాదు, పర్దా ఉన్న ఏ ఇంట్లోనైనా పద్ధతి ఒకటే. ఆడవాళ్ళు పర్దా సందులోంచి చేయి బయటపెడతారు, అతడు చేతిని తప్ప మనిషిని చూడడు. పేరు అడుగుతాడు, పొడుస్తాడు, చీటీ రాసి గుడ్డ కింద నుంచి తోస్తాడు.

హమీదాబీ ఎడమ చేయి బయటపెట్టింది. తేలు కుట్టినట్టయింది. చేయి లాక్కుని వెనక్కి తిరిగేసరికి పీరాంబీ రవిక చేయి పైకి మడుచుకుని సిద్ధంగా నిలబడి ఉంది. ఆ పొద్దు చలికి ఊపిరి మరీ బిగుసుకుని భుజాలు పైకీ కిందికీ లేస్తున్నాయి. ఆ సన్నటి చేయి చూడగానే తల్లికి చచ్చిపోయిన చెల్లెలి చేయి కళ్ళముందు ఆడింది. ఆమె ఏమీ ఆలోచించలేదు. ఆలోచించిందని ఎవరన్నా నేను ఒప్పుకోను. కూతురి మణికట్టు ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, తన కుడి చేయి పర్దా బయటికి చాపింది.

"అమ్మా, నాది..." అంది పీరాంబీ. ఆ మాట గుడ్డ దాటేంత ఊపిరి ఆమె దగ్గర లేదు. వెంటనే దగ్గు ఎత్తుకుంది.

కుడి చేయి ఎందుకిచ్చావని యేసేపు అడిగాడు. పిల్లకు ఎడమ చేతికి గడ్డ లేచిందని హమీదాబీ జవాబిచ్చింది. అతడు ఒక్క క్షణం ఆ చేతిని చూశాడు. ఇరవయ్యేళ్ళ రోగిష్టి పిల్ల చేయి కాదది, ఏళ్ళ తరబడి దూది దులిపి కాయలు కాచిన చేయి. అతడికి అనుమానం రాకపోలేదు. కానీ పర్దా ఎత్తి చూసే హక్కు అతడికి లేదు, ఇంకా ఇరవై ఇళ్ళు తిరగాలి. గుడ్డ అవతల దగ్గు వినపడుతోంది కదా, రోగి అక్కడే ఉందనుకున్నాడు. పొడిచాడు. రెండు చీటీలు రాసి తోసి, పదకొండు రోజులు పల్లెలు తిరిగి వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నుంచి హమీదాబీకి ఒళ్ళు పేలిపోయే జ్వరం. రెండు చేతులూ వాచి గ్లాసు ఎత్తలేకపోయింది. రోగిష్టి కూతురే కూర్చుని తల్లికి గంజి తాగించింది, ఉప్పు కాపడం పెట్టింది. మూడో నాడు జ్వరం జారాక పీరాంబీ ఏడవలేదు, తిట్టలేదు. ఈ సోమవారం కాక ఆ పై సోమవారం తనకు తానే వేయించుకుంటానని మాత్రం చెప్పింది. హమీదాబీ చేతులు జోడించింది. గట్టి ముండను నేనే ఇంత పడ్డాను, నువ్వు తట్టుకోలేవన్నది.

"నువ్వు రెండు ఏపిచ్చుకున్యావు మా. నేను ఒకటే గదా."

ఆ లెక్క సరైనదే. కానీ లెక్క సరిగ్గా ఉన్నంత మాత్రాన భయం పోతుందా! తాను పడిన జ్వరాన్నే కొలతగా పెట్టుకుని కూతురికి ఎంత వస్తుందో లెక్కవేసింది, ఆ కొలత తప్పని కూతురు చెప్పినా ఒప్పుకోలేదు. సరేలే, చూద్దాం లే అని పైకి అంది. ఆ సోమవారం వచ్చేలోగా ఈ మాయరోగం ఊరు విడిచిపోతే బాగుండునని లోపల మొక్కుకుంది. ఇబ్రహీం మాత్రం సంబరంగా ఉన్నాడు. గట్టిగా ఉండే పెళ్ళానికి జ్వరం వచ్చింది, రోగిష్టి కూతురికి ఏమీ కాలేదు, ఈ సూది పిల్ల ఒంటికి సరిపడిందని అంగడికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. పీరాంబీ తండ్రికి నిజం చెప్పలేదు. చెబితే తల్లి జన్మంతా మాటలు పడాలని ఆమెకు తెలుసు. నువ్వే చెప్పమ్మా అని రెండుసార్లు తల్లినే అడిగింది.

ఆ మధ్యలో మున్వర్ కబురు పంపాడు. పాప అమ్మ కోసం బెంగపెట్టుకుంది, పది రోజులు నిండగానే చీటీ తీసుకుని బస్సెక్కమన్నాడు. హమీదాబీకి ప్రాణం లేచొచ్చింది. రోగం ఉన్న ఊళ్ళోంచి పిల్ల బయటపడుతుంది, సూది గొడవా ఉండదు, ఇంతకంటే ఏం కావాలి! ట్రంకుపెట్టె తీసి బట్టలు సర్దబోయింది. పీరాంబీ ఆ పెట్టె మూత మూసింది.

"ఈ దొంగ చీటీతో నా బిడ్డకాడికి పోను. నాకు తగిలింటే ఆడికి మోసకపోతా. సూది పడినంక పోతా."

బిడ్డ పేరెత్తితేనే కళ్ళలో నీళ్ళు తిరిగే మనిషి ఆమె. అయినా పోలేదు. ఆ మాట హమీదాబీకి కోపం తెప్పించింది. ఇంత పట్టుదల ఎవరిని చూసి నేర్చిందని గొణుక్కుంటూ బట్టలన్నీ మళ్ళీ దండెం మీద వేసింది.

ఇంకో నాలుగు రోజుల్లో యేసేపు వస్తాడనగా, గురువారం పొద్దున అంగడిలో దూది మూట కింద ఎలుక చచ్చి కనపడింది.  హమీదాబీ వెంటనే గుడిసెలకు పోదామని మొగుణ్ణి బతిమాలింది. ముగ్గురికీ చీటీలు ఉన్నాయి, ఇంట్లో ఉండొచ్చని సర్కారు మనిషే చెప్పాడు, ఈ చలిలో పిల్లను కొండ కిందికి ఈడ్చుకుపోయి చంపుతావా అని ఇబ్రహీం గసిరాడు. అతడు చెప్పినదాంట్లో తప్పేముంది? అతడికి తెలిసినంతలో అది న్యాయమే. ఒక్క మాట చెబితే చాలు, అతడు బండి కట్టించేవాడు. పిల్లను వెచ్చగా నాలుగు దుప్పట్లలో చుట్టి ఎక్కడికైనా తీసుకుపోయేవాడు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పర్దా వెనక మోసం చేశానని మొగుడికి చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. రేపు చెబుదామనుకుంది. మరునాడు శుక్రవారం, నమాజు నుంచి వచ్చాక చెబుదామనుకుంది. వచ్చాక భోజనం చేస్తుండగా చెప్పలేక ఊరుకుంది.

శనివారం తెల్లవారేసరికి పీరాంబీకి జ్వరం. మధ్యాహ్నానికి చంకలో గడ్డ లేచింది. ఆసుపత్రి డాక్టరు వచ్చి చూసి, తండ్రిని బయటికి పిలిచి మాట్లాడి వెళ్ళాడు. రాత్రంతా ఆమె కూర్చునే ఉంది, పడుకుంటే ఊపిరి ఆడదు. ఆదివారం ఒకసారి తెలివి వచ్చినప్పుడు తల్లి చెవి దగ్గరికి పిలిచింది.

"వీరమ్మక్కకు సెప్పు మా. సుంకప్పన్నకు ఏపిచ్చమని సెప్పు. నన్ను సూసుకోని ఆగిపోయింటుంది."

తన బిడ్డ గురించి ఏమైనా చెబుతుందేమోనని హమీదాబీ వంగి విన్నది. ఆ తర్వాత ఏం మాట్లాడినా అర్థం కాలేదు. సోమవారం ఉదయం, సూదుల పెట్టెతో యేసేపు పల్లెల నుంచి ఊళ్ళో అడుగుపెట్టే వేళకు, పీరాంబీ పోయింది.

మున్వర్ ఎమ్మిగనూరు నుంచి వచ్చి మట్టి వేసి వెళ్ళాడు, పాపను తీసుకురాలేదు. అదే రోజు వీధి వీధంతా ఖాళీ అయింది. ఇబ్రహీం కూడా కొండ కింద తడికెల గుడిసె వేశాడు. అందులో పర్దా కట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మూడు రోజుల తర్వాత యేసేపు పుస్తకం పట్టుకుని గుడిసెల మధ్యకి వస్తే ఒక్కరూ చేయి చాపలేదు. ఇబ్రహీం కూతురు వేయించుకుని చీటీ పెట్టుకుని కూడా పోయిందట కదా, ఇంకెందుకని మొహం మీదే అన్నారు. యేసేపు తల దించుకుని పుస్తకంలో రాసుకున్నాడు, సూది వేసిన మనిషికి కూడా వచ్చిందని. అతడి మనసులో ఆ కాయలు కాచిన చేయి మెదిలిందో లేదో మనకు తెలియదు, మెదిలినా కడుపుకోతలో ఉన్నదాన్ని అడిగే గుండె అతడికి లేదు.

ఆ సాయంత్రం వీరమ్మ హమీదాబీ గుడిసెకు వచ్చింది. ఓదార్చడానికి వచ్చినట్టే వచ్చి పక్కన కూర్చుంది. పక్క గుడిసెలో సుంకప్ప దగ్గుతూనే ఉన్నాడు.

"వొదినా, నువ్వు కండ్లారా సూసినదానివి. మా ఆయప్పకు ఏపిచ్చమంటావా, వద్దంటావా? నువ్వెట్ల సెప్తే అట్ల."

మూడు రోజులుగా హమీదాబీ ఈ ప్రశ్నకే భయపడుతోంది. కూతురు చెప్పమన్న మాట ఇంకా చెప్పలేదు. వేయించుకోమని ఒక్కమాట అనేసి తప్పుకోవచ్చు. కానీ పీరాంబీ పోయాక ఉత్త మాట ఎవరు నమ్ముతారు? నిజం చెబితే తప్ప ఆ మాటకు విలువ లేదు. చెబితే తనకు ఇక ఈ లోకంలో తలెత్తుకునే చోటుండదు. సుంకప్ప దగ్గు ఆగి, మళ్ళీ మొదలైంది.

"ఏపిచ్చు వీరమ్మా. నా కూతురికి సూది పడలేదు. దాని పేరు మీద నేను సెయ్యి పెట్టినా."

వీరమ్మ ఆమెను కళ్ళార్పకుండా చూసింది.  లేచి చీర దులుపుకుని తన గుడిసెకు పోయింది. మరునాడు పొద్దున్నే సుంకప్పను రెక్క పట్టుకుని యేసేపు దగ్గరికి నడిపించింది, యేసేపుకు ఉన్నదున్నట్టు చెప్పింది. మధ్యాహ్నానికి ఇంకో పదిమంది వెళ్ళారు. అంతమందిని కదిలించాలంటే ఎందుకు కదలాలో చెప్పక తప్పదు కదా. పొద్దు గూకేసరికి కొండ కింద ఆ సంగతి తెలియని గుడిసె లేదు.

ఇబ్రహీం చీకటి పడే వేళకు వచ్చాడు. ఎక్కడ విన్నాడో, ఎవరు చెప్పారో చెప్పలేదు. కొడతాడేమోనని హమీదాబీ కాచుకుని ఉంది, కొట్టినా బాగుండునని కూడా అనుకుంది. అతడు పొయ్యి ఎదురుగా కింద కూర్చున్నాడు. ఆమె పెట్టిన అన్నం ముట్టుకోలేదు. తల ఎత్తకుండానే అడిగాడు.

"అది వద్దన్నదా?"

అవునని చెప్పొచ్చు. కాదనడానికి పిల్ల లేదు. భయపడింది, నేనే దాన్ని కాపాడబోయానని చెబితే ఆ మనిషి ఎప్పటికైనా క్షమిస్తాడేమో కూడా. హమీదాబీ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ చెప్పింది.

"లే. ఏపిచ్చుకుంటాననే అన్నది. రైక మడుసుకోని నిలబడింది. నేనే దాని సెయ్యి పట్టుకున్యా."